రాత్రి తపాలా విమానములు

ఢిల్లీ, మద్రాసు విమానాశ్రయముల నడుమ దూరము సుమారు 1,760 కిలోమీటర్లు. నేటి జెట్ విమానమునకు మూడు గంటల లోపు ప్రయాణము. రైలుబండికో, స్వాతంత్ర్యము వచ్చిన తొలినాళ్లలో రెండు రాత్రుల పయనము.

1949 జనవరిలో రాత్రి వైమానిక తపాలా ప్రారంభమైనది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసులనుండి బయలుదేరిన డకోటా విమానములు నడిరేయి నాగపురమున కలిసికొని, సంచులు మార్చుకొని, తెల్లవారుసరికి తమతమ నెలవులకు మరలెడివి. నాగపురము ఢిల్లీకి 855, మద్రాసుకు 905 కిలోమీటర్ల దూరమున, ఇంచుమించు సరళరేఖపైననే యున్నది. గంటకు 270 కిలోమీటర్లు పోవు డకోటాకు ఒక్కొక్క భాగము మూడు గంటలకు పైబడిన పని. దేశమును ఈ కొసనుండి ఆ కొసకు దాటినవి విమానములు గావు, ఉత్తరములు.

ఆ యేటి ఏప్రిల్ 1 నుండి అదనపు రుసుము లేకయే ఉత్తరములు విమానమెక్కినవి. ఢిల్లీలో కొలువుచేయు తెలుగు గుమాస్తాకు ఇది చిన్న మేలు కాదు. తల్లి జబ్బుగా నున్నదని తంతి వచ్చినచో అందులో భయమే గాని వివరముండదు. వివరము తెచ్చునది ఉత్తరమే.

1970ల దశకములో ఆ సేవ ముగిసినది. లోకము నిద్రించువేళ నాగపురమున మేల్కొని సంచులు మోసిన ఉద్యోగుల పేర్లు ఏ చరిత్రకును ఎక్కలేదు. దూరమును జయించిన ఘనతలో వారి పాలు వారికి దక్కవలెను.