ఆయిలింజను నాజిలు: దాని పూర్వకథ



కరెంటు లైను చేరని బావికీ, నీరందని కాలువ చివరి పొలానికీ ఆయిలింజనే దిక్కు. వరి పొట్టమీద ఉండగా అది నల్లపొగ కక్కి మొరాయిస్తే, చాలమంది మొట్టమొదట విప్పేది నాజిలునే. విప్పవచ్చును. కాని చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియాలంటే ఆ వస్తువు ఎలా పుట్టిందో కొంచెం తెలిసి ఉండాలి.

రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మను ఇంజనీరు 1892లో తన ఇంజనుకు పేటెంటు కోరాడు. గాలిని గట్టిగా అదిమితే అది కాగుతుంది, ఆ కాకకే నూనె అంటుకుంటుంది, నిప్పురవ్వతో పని లేదు. ఇదీ ఆయన ఊహ. బాగానే ఉంది. అయితే అదిమిన గాలి లోపలినుంచి ఎదురు తన్నుతూ ఉంటే, అందులోకి నూనెను నెట్టడం ఎలాగ? చిక్కంతా అక్కడే వచ్చింది. 1893లో ఆగ్స్‌బర్గ్ కార్ఖానాలో మొదలైన ప్రయత్నాలు 1897 దాకా సాగాయి. చివరకు వేరే కంప్రెసరు పెట్టి, ఇంకా గట్టిగా అదిమిన గాలితో నూనెను లోపలికి ఊదించారు. నూనెలోని వేడిలో నాలుగో వంతుకు పైగా పనిగా మారింది. ఆ రోజులకు అది గొప్పే. కాని ఆ కంప్రెసరు బరువుతో ఇంజనును బండి కెక్కించి చేనికి తోలుకుపోవడం కుదిరే పనేనా? మిల్లులకూ, ఓడలకే అది పరిమితమైంది. డీజిల్ 1913లో ఓడ ప్రయాణంలో కనబడకుండా పోయాడు. పొలానికి వచ్చిన చిన్న ఇంజనును ఆయన చూడనేలేదు.

ఊదే గాలి అవసరం లేకుండా నూనెనే నేరుగా చిమ్మే దారి కోసం చాలమంది పాటుపడ్డారు. బెంజ్ కంపెనీలో ప్రాస్పర్ లొరాంజ్ 1909లో చూపిన పద్ధతి వారిలో పేరుపొందింది. 1922లో రాబర్ట్ బాష్ కంపెనీ ఈ పనికి పూనుకొని, 1927నాటికి పంపులను వరుసగా తయారు చేయసాగింది. మన దేశంలో 1951లో ఏర్పడిన మైకో కంపెనీ బెంగళూరులో ఈ సామాను చేసింది. మేస్త్రీల నోట ‘మైకో పంపు’ అన్న మాట అలా వచ్చిందే.

బరువైన కంప్రెసరు పోయి, దాని పని ఒక సూది మీద పడింది. నాజిలులోని సూదికీ, అది ఆడే గొట్టానికీ మధ్య సందు మిల్లీమీటరులో వెయ్యో వంతులు రెండు మూడు మాత్రమే. అక్కడ రబ్బరు లేదు, వాషరు లేదు. మన పంపుసెట్టు ఇంజన్లలో చాలావాటికి చదరపు సెంటీమీటరుకు 200 కిలోల దాపున ఉండే ఒత్తిడిని ఆ నునుపే ఆపాలి. అందుకే ఒక్కొక్క సూదిని దాని గొట్టంతోనే జతగా రాపిడిచేసి కూరుస్తారు. ఒక నాజిలు సూది మరొక దానిలో దూరినా అది జత కాదు. ఎమరీ కాగితంతో రుద్దితే జత చెడినట్టే, మళ్ళీ కొత్త జత కొనవలసిందే.

ఇంట్లో మీరు చేయగలిగింది శుభ్రం చేయడం. శుభ్రమైన డీజిలులో కడగండి. పీచు రాలే గుడ్డ వాడవద్దు. కొనమీది మసికి ఇత్తడి బ్రష్షు చాలు, రంధ్రంలో ఇనుప తీగ పొడవకండి. డీజిలులో తడిపిన జతను ఏటవాలుగా పట్టుకొని, సూదిని మూడో వంతు బయటికి లాగి వదలండి. తన బరువుకు తానే జారి కూర్చోవాలి. పట్టేస్తే మళ్ళీ కడగండి. అప్పటికీ పట్టేస్తే మార్చండి. స్ప్రింగు ఒత్తిడి మాత్రం గేజీ ఉన్న మేస్త్రీవద్దే, ఇంజను పుస్తకంలో ఉన్న అంకెకు సరిచేయించాలి.

చిమ్మే నాజిలుకు ఎదురుగా వేలు పెట్టి చూసేవారు ఉన్నారు. ఆ నూనె చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. ముల్లు గుచ్చుకున్నట్టే ఉంటుంది గాని, కొన్ని గంటలకు చెయ్యి వాచి వేలు తీసేయవలసి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి పోయి, డీజిలు లోపలికి పోయిందని డాక్టరుగారికి స్పష్టంగా చెప్పండి.

తిరిగి బిగించేటప్పుడు నాజిలు కింది రాగి వాషరు కొత్తది వేయండి. పాతది అణిగిపోయి ఉంటుంది, దాని పక్కనుంచి గ్యాసు తన్నుతుంది.