ఒకే తీగకు ఎందరో వాటాదారులు

చంద్రపూర్ జిల్లా కోర్పనా తాలూకాలోని ఉప్పర్వాహి పేరు చెబితే ముందుగా గుర్తొచ్చేది సిమెంటు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రాజురా తాలూకా ప్రాంతమిది. ఇప్పటికీ ఇక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. ఇలాంటి పల్లెలకు ఇంటర్నెట్ చేర్చడానికే కేంద్రం 2011 అక్టోబరులో జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌కు ఆమోదం తెలిపింది. ప్రతి గ్రామ పంచాయతీకి 100 ఎంబీపీఎస్ అందించాలన్నది లక్ష్యం. తొలి ప్రయోగానికి ఎంచుకున్న మూడు బ్లాకుల్లో విశాఖపట్నం దగ్గరి పరవాడ ఒకటి. తర్వాత ఈ పథకమే భారత్‌నెట్ అయింది. అయితే తీగ పరిచినంత మాత్రాన ఊరికి ఇంటర్నెట్ నిలవదు. ఆ దారిలో ఉన్న పెట్టెల్లో ఏది ఏ పని చేస్తుందో ఊరికి తెలియాలి.

ఈ పెట్టెల చరిత్రంతా ఒక చిక్కు చుట్టూనే తిరిగింది: ఒకే తీగను పదిమంది ఎలా పంచుకోవాలి? 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్‌ను ప్రతిపాదించినప్పుడు కంప్యూటర్లన్నీ ఒకే కేబుల్‌కు తగిలించి ఉండేవి. రెండు ఒకేసారి మాట్లాడితే సందేశాలు ఢీకొనేవి. రెండూ ఆగి, తలా కాసేపు వేచి, మళ్లీ పంపాల్సిందే. ఆ తర్వాత వచ్చిన హబ్ తీగలను ఒకచోట చేర్చింది గానీ, ఒకరి సందేశాన్ని అందరికీ వినిపించేది. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్ స్థాపించిన కల్పన సంస్థ 1990లో తెచ్చిన ఈథర్‌నెట్ స్విచ్ ఆ తీరు మార్చింది. సందేశం మీది చిరునామా చదివి, చేరాల్సిన యంత్రానికే పంపింది. ఒకే భవనంలోని కంప్యూటర్లకు స్విచ్ చాలు. ఒక నెట్‌వర్క్ నుంచి మరో నెట్‌వర్క్‌కు దారి చూపాలంటే రౌటర్ కావాలి. 1969లో ఇంటర్నెట్‌కు ముందు రూపమైన అర్పానెట్ కోసం తయారైన ఐఎంపీ యంత్రాలు దానికి ఆదిరూపం. మన దేశంలో 1995 ఆగస్టు 15న సామాన్యులకు ఇంటర్నెట్ తెరిచినప్పుడు, కంప్యూటర్ అంకెలను ఫోన్ తీగ మోయగల ధ్వనిగా మార్చింది మోడెమ్.

పంచాయతీ దాకా వచ్చే ఫైబర్‌లోనూ పంపకమే ప్రధానం. బ్లాకు కేంద్రంలోని ఓఎల్‌టీ అనే పెట్టె వెలుగు రూపంలో సమాచారం పంపుతుంది. కరెంటు అక్కర్లేని స్ప్లిటర్ ఆ వెలుగును పాయలుగా విడదీస్తుంది. పంచాయతీ కార్యాలయంలోని ఓఎన్‌టీ అనే పెట్టె దాన్ని తిరిగి విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. అక్కడి నుంచి ఎనిమిది సన్నటి రాగి తీగలున్న లాన్ కేబుల్ కంప్యూటర్‌కు వెళ్తుంది. దాని పొడవు వంద మీటర్లు దాటకూడదు. ఓఎన్‌టీ మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న దీపం ఎర్రగా వెలిగితే వెలుగు అందడం లేదని అర్థం. అప్పుడు కంప్యూటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. ఆ దీపం ఆరి ఉండి, పెట్టెకు కరెంటు కూడా అందుతుంటే, లోపాన్ని ముందుగా కార్యాలయంలోనే వెతకాలి.

వాడుకునేవాళ్లకు ఇదంతా ఎందుకు, సాంకేతిక సిబ్బంది లేరా అని అడగవచ్చు. విద్యుత్ శాఖలోనూ సిబ్బంది ఉన్నారు. అయినా పోయింది ఫ్యూజో ట్రాన్స్‌ఫార్మరో రైతు చెప్పగలడు కాబట్టే లైన్‌మన్ సరైన సామానుతో వస్తాడు. ‘నెట్ రావడం లేదు’ అనే ఫిర్యాదుకు అంత బలం లేదు. సెల్‌ఫోన్ ఉండగా తీగల గోల ఎందుకన్నది మరో వాదన. ఫోన్ నుంచి టవర్ దాకానే గాలిలో ప్రయాణం. ఆ పైన టవర్ భారం చాలాచోట్ల ఫైబర్ మీదే పడుతుంది. ఒక టవర్ సామర్థ్యాన్ని దాని పరిధిలోని ఫోన్లన్నీ పంచుకోవాలి కూడా.

కాబట్టి ఈ ప్రాంతంలోని ప్రతి పంచాయతీ తన ఓఎన్‌టీ, స్విచ్, రౌటర్ ఎక్కడున్నాయో, ఏ దీపానికి ఏ అర్థమో తెలుగులోనూ మరాఠీలోనూ రాసి గోడకు అంటించాలి. బడిలో పై తరగతుల పిల్లలకు ఆ పెట్టెలను దగ్గరుండి చూపించాలి. దీనికి కొత్త పథకం అక్కర్లేదు, గ్రామసభ తీర్మానం చాలు.