విశ్వవిద్యాలయపు ఆరు కోర్టులు: ఛాంపేన్ చాలెంజర్ పుట్టుపూర్వోత్తరములు

వింబుల్డన్ పచ్చిక మీదను, మెల్బోర్న్ ఎండలోను పోరాడు మేటి క్రీడాకారుల పేర్లు మన పత్రికాపాఠకులకు కంఠస్థములే కాని, వారు అచ్చటికి ఏ మార్గమున చేరుకొనిరో విచారించువారు మిక్కిలి అరుదు. ఆ మార్గములలో నొకటి అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున, కనుచూపుమేర మొక్కజొన్న చేలు పరచుకొనిన సమతలభూమి నడుమనున్న ఛాంపేన్, అర్బానా అను జంటనగరముల గుండా పోవుచున్నది. 1867లో స్థాపితమైన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయము అచ్చటనే కలదు. దాని ఆవరణలోని ఆట్కిన్స్ టెన్నిస్ కేంద్రము 1996 మొదలుకొని పురుషుల చాలెంజర్ పోటీకి నెలవైనది.

అసలు చాలెంజరను శ్రేణి ఏల పుట్టినది? 1968లో పెద్ద పోటీల ద్వారములు వృత్తిక్రీడాకారులకు తెరువబడెను. 1973లో కంప్యూటరు లెక్కలపై ఆధారపడిన ర్యాంకుల పట్టిక అవతరించెను. పెద్ద పోటీలో ప్రవేశమునకు ర్యాంకు కావలెను, ర్యాంకునకు పాయింట్లు కావలెను, పాయింట్లా పోటీలలో ఆడిననే గాని రావు. ఈ చిక్కుముడి నడుమ నిలిచిన యువకులకు మెట్టువంటిదిగా 1978లో 18 పోటీలతో చాలెంజర్ శ్రేణి ఆరంభమయ్యెను. గ్రాండ్‌స్లామ్ విజేతకు 2000 పాయింట్లు లభించుచుండగా, 'చాలెంజర్ 75' అను తరగతి పోటీ విజేతకు దక్కునవి 75 మాత్రమే. మొదటి రౌండులో ఓడినవానికి ఒక్క పాయింటైనను లేదు. అయినను ఆ కొద్దిపాటి పాయింట్లకై ఖండఖండాంతరముల నుండి క్రీడాకారులు తమ సంచులు తామే మోసుకొని వత్తురు.

ఇట్టి పోటీ ఒక విశ్వవిద్యాలయమును వెదకికొని వచ్చుటకు గల కారణము, నా దృష్టిలో, ఆ కేంద్రమున పైకప్పు క్రింద నున్న ఆరు కోర్టులే. అమెరికా కళాశాలల జట్టుపోటీలో మూడు డబుల్స్ ఆటలును, ఆరు సింగిల్స్ ఆటలును ఉండును. ఆరుగురు విద్యార్థులు ప్రక్కప్రక్క కోర్టులలో ఏకకాలమున తలపడుదురు. ఆ జట్ల ఋతువు జనవరిలో, నేలయంతయు మంచు గప్పియుండగా మొదలగును గనుక, ఉత్తరాది విశ్వవిద్యాలయములకు ఇట్టి శాల విలాసము కాదు, అవసరము. నవంబరు మాసమున, జట్లపోటీలు లేని వేళ, ఆ శాలలోనే 32 మంది సింగిల్స్ క్రీడాకారులకును, 16 డబుల్స్ జంటలకును, వారికంటె ముందుగా అర్హతకై పోరాడు 24 మందికిని చోటు దొరకును. ఒక చిన్న నగరము ఇట్టి పోటీ కొరకై శాలను క్రొత్తగా కట్టించుట దుస్సాధ్యము. ఉన్న శాలను ఒక వారము విడిచి యిచ్చుట సులభసాధ్యము.

పైకప్పు క్రింద ఆట తీరే వేరు. గాలి లేదు, ఎండ లేదు. సర్వు కొరకు పైకెగురవేసిన బంతి రవ్వంతయైనను ప్రక్కకు తొలగదు. బలముగా కొట్టిన బంతి గట్టినేలను తాకి తక్కువ ఎత్తున దూసుకొని వచ్చును. ఎదుటివానికి రాకెట్టును పూర్తిగా వెనుకకు లాగు వ్యవధియైనను చిక్కదు. వైల్డ్‌కార్డు, అనగా ర్యాంకుతో నిమిత్తము లేని ప్రవేశము, లభించిన విద్యార్థి, నిన్నటిదాక తోటివారితో సాధన చేసిన కోర్టులోనే, నేడు ర్యాంకుగల వృత్తిక్రీడాకారుని సర్వు నెదుర్కొనును. గెలిచినను, ఖర్చులకు మించిన బహుమతి సొమ్మును విద్యార్థిగా నున్నంతకాలము వదలుకొనవలసినదే యని కళాశాలా క్రీడల నియమము బహుకాలము శాసించెను. ఇది కఠినమైన నియమమే. కాని పాయింట్లు మాత్రము వానివే.

ఈ విశ్వవిద్యాలయపు జట్టును 1990లలో చేపట్టి శిఖరమున నిలిపినవాడు దక్షిణాఫ్రికాలో పుట్టిన క్రెయిగ్ టైలీ. ఈయనయే తదుపరి ఆస్ట్రేలియన్ ఓపెన్ నిర్వాహకుడయ్యెను. 2003లో ఆ జట్టు 32 పోటీలాడి ఒక్కటియు ఓడక జాతీయ విజేతయైనది; ఆ యేడే అమెర్ డెలిక్ సింగిల్స్‌లోను, భారతీయ దంపతుల కుమారుడైన రాజీవ్ రామ్ బ్రయాన్ విల్సన్‌తో కూడి డబుల్స్‌లోను జాతీయ విజేతలైరి. వారి తరువాత ఆ జట్టున ఆడిన కెవిన్ ఆండర్సన్ 2017లో యూఎస్ ఓపెన్, 2018లో వింబుల్డన్ ఫైనళ్లకు చేరెను.

ఇల్లినాయ్‌తోపాటు వర్జీనియా, టెనెసీ విశ్వవిద్యాలయముల జట్లు ఆడుకొను కోర్టులలో గూడ శరత్కాలమున చాలెంజర్లు జరుగుచు వచ్చినవి. 2022 నవంబరులో, అంతకు కొన్ని నెలల ముందే ఫ్లోరిడా విద్యార్థిగా జాతీయ విజేతయైన బెన్ షెల్టన్, ఆ మూడు విశ్వవిద్యాలయములున్న షార్లట్స్‌విల్, నాక్స్‌విల్, ఛాంపేన్ నగరముల పోటీలను వరుస వారములలో గెలిచి, జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్‌ఫైనల్‌కు చేరెను.

తెలుగువారికి ఇందు ఆప్తమైన పేరొకటి కలదు. నెల్లూరు నుండి అమెరికాకు వెళ్లిన దంపతుల కుమారుడు నిశేష్ బసవరెడ్డి ఇండియానాలోని కార్మెల్ పట్టణమున పెరిగెను. ఆ పట్టణపువాడే యైన రాజీవ్ రామ్ అతనికి మార్గదర్శకుడయ్యెను. స్టాన్‌ఫర్డ్ విద్యార్థిగా నుండగనే, 2024 శరత్కాలపు చాలెంజర్లలో కూడబెట్టిన పాయింట్ల బలమున ఆస్ట్రేలియన్ ఓపెన్ వైల్డ్‌కార్డు సంపాదించి, డిసెంబరులో చదువు విడిచి వృత్తిక్రీడాకారుడయ్యెను. 2025 జనవరిలో మెల్బోర్న్‌లో మొదటి రౌండుననే నొవాక్ జకోవిచ్ ఎదురుకాగా, తొలి సెట్టును 6-4తో గెలిచి, తరువాతి మూడు సెట్లను కోల్పోయెను.