రెండు పార్సిళ్ల మనిషి

ఏటికొప్పాక బొమ్మలను ఊరూరా తిప్పి అమ్మిన ఓ చిరు వ్యాపారి హోటల్ తిండికి బానిసై, చివరికి ఆపరేషన్ బల్ల ఎక్కిన వైనమిది. నిజానికి ఇది ఒక్కరి కథ కాదు. ఎన్నో ఇళ్లలో గుట్టుగా జరిగేదాన్ని ఒక మనిషి మీదుగా చెబుతున్నాం. అందుకే ఆయనకు పేరు పెట్టలేదు. వైద్య వివరాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

పొలిమేరలో ఆగిన వ్యాను

రాత్రి పదిన్నర. అనకాపల్లి దాటాక హైవే పక్కన ఓ దాబా. విశాఖలో ఎగ్జిబిషన్ ముగించుకుని, అమ్ముడుపోని బొమ్మల పెట్టెలు వ్యానులో వేసుకుని ఇంటికి బయల్దేరాడాయన. డ్రైవర్ కుర్రాడు నాలుగు రొట్టెలు తిని లేచాడు. ఆయన ముందున్న బిర్యానీ పళ్లెం ఖాళీ. చికెన్ ఫ్రై ఖాళీ. పెరుగన్నం అడుగంటింది.

“ఇంకేటి తెమ్మంటారు సార్?”

“నాకింకేం వద్దు. రెండు బిర్యానీలు పార్సిల్ కట్టించు. ఇంటికి.”

వ్యాను ఎలమంచిలి దాటి ఊరి దారి పట్టింది. పొలిమేరలోకి రాగానే “ఒక్క నిమిషం ఆపరా తమ్ముడూ” అన్నాడు. కుర్రాడు దిగి, దూరంగా వెళ్లి ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. ఎందుకు ఆపమన్నాడో వాడికి తెలుసు. తెలిసినట్టు ఏనాడూ కనిపించలేదు.

ఆయన ఒక పార్సిల్ ఒళ్లో పెట్టుకుని విప్పాడు. వేళ్లు కాలుతున్నా ఊదుకుంటూ, నమిలీ నమలకుండా మింగాడు. పెరుగు చట్నీ కవరు మూల కొరికి నోట్లోకి పిండుకున్నాడు. ఉల్లిపాయ ముక్కలు కూడా మిగల్చలేదు. చొక్కా మీద పడ్డ మెతుకులు దులుపుకుని, కవర్లన్నీ ఉండచుట్టి తుప్పల్లోకి విసిరాడు. చివరగా నోట్లో ఇంత వక్కపొడి.

ఇంట్లో భార్య ఎదురుచూస్తోంది.

“తిన్నారేటండీ?”

“లేదు. వడ్డించు.”

అన్నం, పప్పు, వంకాయ పులుసు. అదీ తిన్నాడు. ఆకలేసి కాదు, వద్దంటే ఎక్కడ తిన్నావన్న ప్రశ్న వస్తుందని. రెండో పార్సిల్ కొడుక్కి ఇచ్చాడు. నాన్న తన కోసమే తెచ్చాడని ఆ పిల్లాడి సంబరం.

అక్కడ మాత్రం ‘సార్’

ఆయన పుట్టి పెరిగింది వరాహ నది ఒడ్డునున్న ఏటికొప్పాకలోనే. అంకుడు కర్రను లేత్ మీద తిప్పి, ఆ వేడికి కరిగే లక్కను పూసి, మొగలి ఆకుతో మెరుగుపెట్టి బొమ్మలు చేసే ఊరది. వాళ్ల నాన్నదీ అదే పని. పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం అన్నం పులుసు, పండక్కి ఓ కోడి. హోటల్ తిండంటే ఏడాదికోసారి అన్నవరం వెళ్లినప్పుడు దొరికే ఇడ్లీయే.

సహజ రంగుల వాడకాన్ని పట్టుబట్టి ముందుకు తీసుకెళ్లిన సి.వి.రాజు వంటివాళ్ల కృషితో ఊరి పేరు దేశమంతా తెలిసింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుకు పద్మశ్రీ దక్కింది. గిరాకీ పెరిగేకొద్దీ మన వ్యాపారికి ప్రయాణాలు పెరిగాయి. విశాఖ, విజయవాడ, హైదరాబాద్, ఢిల్లీ... ఎక్కడ హస్తకళల ప్రదర్శన పెట్టినా ఆయన స్టాల్ ఉండేది.

స్టాల్లో పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడాలి. వచ్చినవాళ్లు కుంకుమ భరిణె తిరగేసి, మరగేసి “ఇంత చిన్నదానికి ఇంత రేటా?” అంటారు. సగానికి అడుగుతారు. ఇవ్వనంటే పెదవి విరిచి పోతారు. అదంతా మింగుకుని రాత్రి తొమ్మిదింటికి హోటల్లో కూర్చుంటే మంచినీళ్ల గ్లాసు ముందు పెట్టి “చెప్పండి సార్” అంటాడు సర్వర్. బేరం లేదు. నస లేదు. అడిగింది వస్తుంది. ఇంకొంచెం వెయ్యమంటారా అని అడుగుతారు కూడా. ఇంట్లోనైతే మూడో గరిటెకే అమ్మో, భార్యో మొహంలోకి చూస్తారు. హోటల్లో ఎన్నో గరిటె అని లెక్కపెట్టేదెవరు?

మొదట్లో ఫుల్ మీల్స్. తర్వాత మీల్స్‌తోపాటు ఓ బిర్యానీ. ఆ తర్వాత బఫేలు. ‘డబ్బులు కట్టాం, గిట్టుబాటు కావొద్దూ’ అనేవాడు స్నేహితులతో. ఏ వేళకు కొత్త ట్రేలు వస్తాయో, ఏ కౌంటర్ దగ్గర రద్దీ ఉండదో ఆయనకు కంఠతా వచ్చేసింది. కాకినాడ వెళితే బుట్ట భోజనం, మాడుగుల మీదుగా వస్తే హల్వా, అరకు వెళితే బొంగులో చికెన్. తోటివాళ్లు ఆయన్ని ‘తిండి గైడ్’ అని పిలిచేవారు. పొగిడినట్టే ఉండేది.

నలుగురిలో తిన్నది అందరికీ కనిపించేది. ఒంటరిగా తిన్నది ఆయనకొక్కడికే తెలుసు. ఒక హోటల్లో తిని లేచి, వీధి చివరి హోటల్లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టిన రాత్రులున్నాయి. సర్వర్ గుర్తుపట్టకూడదని హోటల్ మార్చేవాడు. తింటున్నంతసేపూ హాయి. బిల్లు వచ్చాక తనమీద తనకే రోత.

ఆ తీరుకు వైద్యంలో పేరుంది. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన రోగ నిర్ధారణ గ్రంథంలో ‘బింజ్ ఈటింగ్ డిజార్డర్’ను విడి జబ్బుగా చేర్చింది. మామూలు కన్నా వేగంగా తినడం, కడుపు నొప్పి పుట్టేదాకా తినడం, ఆకలి లేకున్నా తినడం, సిగ్గుతో ఒంటరిగా తినడం, తిన్నాక అపరాధభావంతో కుమిలిపోవడం దాని లక్షణాలు. తిండి మీద అదుపు తప్పి, ఇలా వారానికి ఒకసారైనా చొప్పున మూడు నెలలు సాగితే అది జిహ్వచాపల్యం కాదు, చికిత్స కావాల్సిన సమస్య. కడుపు నిండిన కబురు మెదడుకు చేరడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. పదినిమిషాల్లో పళ్లెం ఖాళీ చేసే మనిషికి ఆ కబురు అందేసరికి రెండో పళ్లెమూ అయిపోతుంది.

చేతుల్లేని కుర్చీ

కొన్నాళ్లకు హోటల్లో అడుగుపెట్టగానే ఆయన చూపు మెనూ మీదకు కాదు, కుర్చీల మీదకు వెళ్లడం మొదలైంది. చేతులున్న కుర్చీలో పట్టడు. ప్లాస్టిక్ కుర్చీ ఆగదు. సోఫా బల్లకీ సీటుకీ మధ్య దూరడం కష్టం. చేతుల్లేని ఇనుప కుర్చీ ఉంటేనే లోపలికి వెళ్లేవాడు. లేకపోతే పార్సిల్.

షుగర్ వచ్చింది. బీపీ వచ్చింది. మోకాళ్లు పట్టేశాయి. రాత్రి గురక మధ్యలో ఊపిరి ఆగి, ఉలిక్కిపడి లేచేవాడు. పగలంతా మత్తు. ఓ మధ్యాహ్నం స్టాల్లో కస్టమర్‌కు చిల్లర లెక్కపెడుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. పక్క స్టాల్లో ఉన్న బావమరిది చూశాడు.

“బావా, నాను చాన్నాళ్లుగా చూస్తన్నాను. కూకున్నకాడే నిద్రోతన్నావు. రేపు బండి మీద ఇలాగే అయితే మా అక్క గతేటి?”

“పని ఎక్కువైందిరా. అంతే.”

“పనేటి కాదు. ఆస్పత్రికెల్దాం పద. పెద్ద పెద్ద నాయకులే పొట్ట ఆపరేషన్ చేయించుకున్నారు. నీకేటి నామోషీ?”

బావమరిది మాటలో అబద్ధం లేదు. నితిన్ గడ్కరీ 2011లో, అరుణ్ జైట్లీ 2014లో బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకున్నారు. ఇద్దరూ భోజనప్రియులుగా పేరుపడ్డవాళ్లే.

విశాఖలో ఓ ఆస్పత్రి. తూకం మీద 142 కిలోలు. ఎత్తు 170 సెంటీమీటర్లు. ఎత్తుకు బరువు ఎంతో చెప్పే బీఎంఐ 49. మనవాళ్లలో 25 చేరితేనే స్థూలకాయంగా లెక్కిస్తారు. 2022లో సర్జన్ల అంతర్జాతీయ సంఘాలు సవరించిన మార్గదర్శకాల ప్రకారం 35 దాటితే వేరే జబ్బులు లేకున్నా ఆపరేషన్ సూచించవచ్చు. ఆసియా వాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చు.

“బయట ఎన్నిసార్లు తింటారు?” డాక్టర్ అడిగాడు.

“ఎప్పుడైనా అండీ.”

డాక్టర్ వాదించలేదు. డైటీషియన్ దగ్గరకు పంపాడు. ఆవిడ ఓ చిన్న నోటుపుస్తకం ఇచ్చి, “వారం రోజులు నోట్లో పడ్డ ప్రతిదీ రాయండి. తగ్గించి తినొద్దు, తగ్గించి రాయనూ వద్దు” అంది.

నోటుపుస్తకం

ఆయన నిజంగానే రాశాడు. ఎవరూ చదవరనుకున్నాడు. ఐదో రోజు రాత్రి చొక్కా ఉతకడానికి తీసిన భార్యకు జేబులో పుస్తకం దొరికింది. వంటింటి గుమ్మంలో నిలబడి పేజీలు తిప్పింది.

“మంగళవారం రాత్రి బిర్యానీ రెండు అని రాసుంది. మంగళవారం నాను పెట్టిన అన్నం కూడా తిన్నారు కదండీ?”

ఆయన మాట్లాడలేదు.

“పిల్లాడికి తెచ్చింది ఒకటి. మరి రెండోది ఎవరికి?”

“నాకే. దార్లో తినీసాను.”

“ఎన్నాళ్లుగా?”

జవాబు లేదు. ఆమె పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. “ఆకలేస్తే నాను పెట్టనా? నాతో చెప్పుకోలేని ఆకలేటండీ అది?” అంది. ఆ ప్రశ్నే ఆయన్ని తర్వాత మానసిక నిపుణుడి గదిలో కూర్చోబెట్టింది. డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు కౌన్సెలింగ్ తప్పదన్నప్పుడు అదో లాంఛనం అనుకున్నాడు. అక్కడే మొదటిసారి పొలిమేరలో వ్యాను ఆపే సంగతి నోరువిప్పి చెప్పాడు.

అయినా అలవాటు అంత తేలిగ్గా లొంగలేదు. ఆపరేషన్ తేదీ ఖరారయ్యాక ‘ఇక జన్మలో తినలేనేమో’ అన్న బెంగ పట్టుకుంది. ఇష్టమైన హోటళ్లన్నిటికీ వరసబెట్టి వెళ్లొచ్చాడు. ఆపరేషన్‌కు ముందు ఇలా ఆఖరి భోజనాలు చేసేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. మళ్లీ తూకం వేస్తే ముల్లు పైకే జరిగింది. డైటీషియన్ కేకలెయ్యలేదు. మర్నాటి నుంచి రెండు వారాలు ప్రొటీన్ పానీయాలు, పలచటి మజ్జిగ, సూపులే అని కాగితం రాసిచ్చింది. అది బరువు కోసం మాత్రమే కాదు. స్థూలకాయుల్లో కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం పొట్టకు అడ్డంగా ఉంటుంది. అది కుంచించుకుపోతేనే సర్జన్‌కు పనిచేసే చోటు దొరుకుతుంది.

అరటిపండంత పొట్ట

ఈ శస్త్రచికిత్సల చరిత్ర 1950లలో మొదలైంది. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్ గ్యాస్ట్రిక్ బైపాస్ చేశారు. మన వ్యాపారికి చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, ల్యాప్రోస్కోపీతో జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. మిగిలేది అరటిపండంత గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ హార్మోన్ ఎక్కువగా ఊరేది తీసేసే పైభాగంలోనే. అందుకే ఆపరేషన్ తర్వాత కొన్నాళ్లు ఆకలి మందగిస్తుంది.

మొదట గుక్కెడు గుక్కెడుగా నీళ్లు. తర్వాత మెత్తగా వడకట్టిన పప్పుకట్టు, చోడి జావ. నెల దాటాక మెదిపిన ఇడ్లీ. తింటూ నీళ్లు తాగకూడదు. ప్రతి ముద్దా పేస్టయ్యేదాకా నమలాలి. ముందు ప్రొటీన్, ఆ తర్వాతే అన్నం. బి12, ఐరన్, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం. మూడో నెలలో జుట్టు కుచ్చులుగా రాలింది. అదీ మామూలేనన్నారు.

నాలుగో నెలలో బంధువుల పిల్ల నిశ్చితార్థానికి నర్సీపట్నంలో ఓ హోటల్‌కు వెళ్లాడు. పాత అలవాటుగా చేయి గబగబా కదిలింది. నాలుగో ముద్దకే రొమ్ము మధ్యలో రాయి పడ్డట్టయింది. నోటినిండా నురగ. బాత్రూములోకి పరిగెత్తాడు. తిరిగొచ్చాక సర్వర్ నిండుగా ఉన్న పళ్లెం చూసి “బాలేదా సార్?” అన్నాడు. ఏం చెప్పాలో తెలియలేదు. ఆ బల్ల దగ్గర తిండి తీసేస్తే తనకింకేం పని ఉంటుందో ఆయనకు తోచలేదు.

అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. ముద్ద దిగని గొట్టంలోంచి ఐస్‌క్రీమ్, మిల్క్‌షేక్, కూల్‌డ్రింకు ఇట్టే జారిపోతాయి. ఊళ్లు తిరిగే పనిలో అవి అడుగడుగునా దొరుకుతాయి. తగ్గుతున్న బరువు ఓ దశలో నిలిచిపోయింది. మళ్లీ నోటుపుస్తకం తీశాడు. ఈసారి పేజీలు భార్యకే చూపించాడు. ప్రదర్శనలకు వెళ్లినప్పుడు ఆవిడ ఉడకబెట్టిన సెనగలు, గుడ్లు డబ్బాలో సర్ది పంపేది. రాత్రిళ్లు స్టాల్ మూశాక హోటల్‌కు బదులు ఇంటికి ఫోన్ చేసి ఆనాటి బేరాల గోల చెప్పుకోవడం మొదలుపెట్టాడు. సర్వర్ల నోట ‘సార్’ అనిపించుకున్న సాయంత్రాల వెనుక ఉన్న వెలితి ఇలా చెప్పుకునే మనిషి లేకపోవడమేనని అప్పటికి అర్థమైంది.

ఏడాది తిరిగేసరికి 104 కిలోలు. షుగర్ మాత్రలు తగ్గాయి. గురక తగ్గింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ తరఫున ఏటికొప్పాక బొమ్మల శకటం నడిచి మూడో బహుమతి గెల్చుకున్నాక ఆర్డర్లు పెరిగాయి. ప్రయాణాలూ పెరిగాయి. హోటళ్లకు ఇప్పటికీ వెళతాడు. ఒంటరిగా మాత్రం వెళ్లడు.

చదివేవారికి ఓ మాట

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం మహిళలు, 31 శాతం పురుషులు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశ సగటు ఇద్దరిలోనూ పాతిక శాతం లోపే. వీళ్లందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. అవసరమైనవాళ్లు భయపడి మానుకోనూ అక్కర్లేదు. చేయించుకునే ముందు మూడు ప్రశ్నలు తప్పక అడగండి. నాకు స్లీవ్ మేలా, బైపాస్ మేలా? డైటీషియన్, మానసిక నిపుణుడు ఆపరేషన్ తర్వాత కూడా చూస్తారా? ఏటేటా రక్తపరీక్షలకు ఎవరి దగ్గరకు రావాలి? వీటికి సూటిగా జవాబు చెప్పని చోట కత్తి కింద పడుకోవద్దు.

ఇంట్లోవాళ్లకూ ఒక విన్నపం. బాగా తినే మనిషిని విందుల్లో వినోదంగా చూడకండి, ఎగతాళీ చేయకండి. ఎవరైనా దాచుకుని తింటున్నారని తెలిస్తే ఎంత తిన్నావని కాదు, ఏమైందని అడగండి. సర్జన్ పొట్టను చిన్నది చేయగలడు. దాచుకుని తినే అలవాటును మాన్పించడం మాత్రం ఆ మనిషి, ఇంట్లోవాళ్లు, మానసిక నిపుణుడు కలిసి చేయాల్సిన పని. అది ఆపరేషన్‌కు ముందే మొదలుకావాలి.