ఇంద్రజాలం: అనంతపురం సీమలో వానమాయ

మంత్రంతోనో తంతుతోనో ప్రకృతిని తన దారికి తెచ్చుకోవచ్చని మనిషి నమ్మి చేసే పని ఇంద్రజాలం. తెలుగులో దీనికి పేర్లు చాలా ఉన్నాయి. సంతలో పొట్టకూటికి ఆడేది గారడీ, చూపును మోసగించేది కనికట్టు, పగవాడి మీద చేయించేది చేతబడి, పసిబిడ్డకు కట్టేది తాయెత్తు. ఇంగ్లీషు వాళ్ల మ్యాజిక్ పుట్టుక ప్రాచీన పారశీకంలో ఉంది. అక్కడ పూజారిని ‘మగు’ అనేవారు. ఆ మాట గ్రీకుల నోట పడ్డాక, పరాయి పూజారి చేసే అనుమానపు పని అనే అర్థం తెచ్చుకుంది. మన మాట దారి వేరు. అథర్వవేదంలో శత్రుసేన మీద ఇంద్రుడు విసిరే వల ఇంద్రజాలం. వృత్రుణ్ణి చంపి నీళ్లను విడిపించినవాడూ ఆ ఇంద్రుడే. మాయకూ వానకూ దొర ఒక్కడే కావడం అనంతపురం మెట్టసీమలో ఉన్నవాళ్లకు వింతగా తోచదు.

ఇక్కడికి వచ్చేసరికి నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదే చాలావరకు కురిసిపోయి ఉంటాయి. ఈశాన్య గాలుల తడి తూర్పు తీరంలోనే ఖర్చవుతుంది. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అయితే సగటును చూసి ఎవరూ విత్తరు. ఎర్రనేలలో చెనిక్కాయ వేయాలంటే ఒక పదును వాన పడాలి, ఊడలు దిగే వేళకు ఇంకొకటి పడాలి. దుక్కి, విత్తనం, కలుపు రైతు చేతిలో ఉన్నవి. ఆ రెండు వానలు అతని చేతిలో లేవు. పసిఫిక్ దీవుల్లో ట్రోబ్రియాండ్ జాలరులను చూసి మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1925లో రాసిన వ్యాసం సరిగ్గా ఈ సంగతే చెబుతుంది. వాళ్లు నిలకడ నీటి మడుగులో చేపలు పట్టడానికి మంత్రం చదవరు, నడిసముద్రంలోకి పోయేటప్పుడే చదువుతారు. మాయ మూఢత్వంలోంచి పుట్టిందనే వాదం కన్నా, చేతికందని చోట పుట్టిందనే ఈ వాదం మెట్టపొలానికి బాగా అతుకుతుంది.

వానతంతుల్లో అందరికీ తెలిసింది కప్పతల్లి. కొత్త వెదురుచేటలో వేపాకు పరిచి, బతికున్న కప్పను దానికి కట్టి, ఆడవాళ్లు పాట పాడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. కొన్ని ఊళ్లలో చేటకు బదులు రోకలి. ఇంటి ఇల్లాలు చెంబెడు నీళ్లు కప్ప మీద పోసి, చేటలో ఇన్ని గింజలు వేస్తుంది. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన దక్షిణ భారత కులాలు, తెగల సంపుటాల్లో కాపు స్త్రీలు చేసే ఈ తంతు ఉంది. జేమ్స్ ఫ్రేజర్ ‘గోల్డెన్ బౌ’లోకీ అది ఎక్కింది. మాయకు ఫ్రేజర్ రెండు సూత్రాలు చెప్పాడు: పోలినది పోలినదాన్ని పుట్టిస్తుంది, ఒకసారి తాకినవి విడిపోయినా ఒకదానిమీద ఒకటి పనిచేస్తాయి. కప్పతల్లి మొదటిదానికి సరిపోయే ఉదాహరణ. వాన పడితే కప్ప తడుస్తుంది, కాబట్టి కప్పను తడిపితే వాన పడాలి. కారణాన్నీ ఫలితాన్నీ తిరగేసిన తర్కం ఇది. పల్లెవాళ్లకే పరిమితం కూడా కాదు. ఋగ్వేదం ఏడో మండలంలోని మండూక సూక్తం కప్పల అరుపును వేదపఠనంతో పోల్చింది. వసిష్ఠుడు వాన కోరి స్తోత్రం చేస్తే కప్పలు వంతపాడాయని యాస్కుడు నిరుక్తంలో రాశాడు.

థర్‌స్టన్ చెప్పిన ఇంకో తంతు కాస్త మొరటుది. మట్టితో బట్టల్లేని బొమ్మ చేసి, జోకుమారుడని పేరు పెట్టి, బుల్లి పల్లకిలో ఊరేగిస్తూ బూతు పాటలు పాడేవారు. మూడు నాలుగు రోజులయ్యాక దాన్ని ఊరిపక్క చేలో వదిలేస్తే, మాలలు తీసుకుని మళ్లీ తిప్పేవారు. వేడుకుంటే భక్తి, నిలదీస్తే మాయ అని పండితులు గీసిన గీత ఇక్కడ చెరిగిపోతుంది. వానకోసం గర్భగుడి నిండా నీళ్లు పోసి శివలింగాన్ని ముంచే జలదిగ్బంధం మొక్కా, బెదిరింపా? రెండూనేమో. విరాటపర్వం చదివించడం వాటికన్నా మర్యాదైన దారి. ధర్మరాజు ఉన్న చోట మేఘుడు వేళకు కురుస్తాడని భీష్ముడు చెప్పేది ఆ పర్వంలోనే. కథను ఊళ్లోకి తెస్తే ధర్మరాజు కూడా వస్తాడనేది లెక్క.

నీళ్లు ఎక్కువైనా భయమే. బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగినప్పుడు ముసలమ్మ అనే కోడలు గండిలోకి నడిచిపోయి కట్టను నిలిపిందని స్థలగాథ. కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’కు మూలం అదే. ఆ కట్ట మీద ముసలమ్మను ఇప్పటికీ కొలుస్తారు.

చెరువుల కాలం పోయి బోర్ల కాలం వచ్చాక మాయ కూడా నేలలోకి దిగింది. ఈ సీమ అడుగున ఉన్నది గట్టిరాయి. నీళ్లు బండ పగుళ్లలో తప్ప దొరకవు. పక్క చేలో పడిన జల ఇక్కడ పడుతుందన్న భరోసా లేదు. అందుకే బోరుబండి రాకముందు పాయింటు చూసేవాడు వస్తాడు. తెరిచిన అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టి, చెప్పులు విడిచి, గట్టు వెంట మెల్లగా నడుస్తాడు. ఒకచోట కాయ పిలక పైకెత్తి నిటారుగా లేస్తుంది. అక్కడ రాయి పెట్టి, సున్నం చల్లుతారు. కొందరు పంగలకర్ర పడతారు, అది వంగినచోట పాయింటు. యూరప్ గనుల్లో ఈ కర్ర వాడకాన్ని అగ్రికోలా 1556 నాటి గ్రంథంలో బొమ్మతో సహా చూపించాడు. మనసులో ఉన్న ఎదురుచూపు తెలియకుండానే కండరాలను కదిలిస్తుందని 1852లో విలియం కార్పెంటర్ వివరించాడు. కర్ర పట్టినవాడు మోసగాడే కానక్కర్లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. వరాహమిహిరుడి బృహత్సంహితలోని దకార్గళ అధ్యాయం తీరు వేరు. అది పుట్టలనూ చెట్లనూ చూసి నీటి జాడ చెప్పమంటుంది. అందులో పరిశీలన ఎంతో, నమ్మకం ఎంతో విడదీయడం కష్టం.

ఈ సీమలో మహిమల పేరు దేశాలు దాటింది మాత్రం పుట్టపర్తి నుంచి. సత్యసాయిబాబా గాలిలోంచి విభూతి తీస్తారని భక్తులు నమ్మారు, అది హస్తలాఘవమని హేతువాది ప్రేమానంద్ వాదించారు. 1976లో బెంగళూరు విశ్వవిద్యాలయం హెచ్. నరసింహయ్య అధ్యక్షతన మహిమల పరిశీలనకు సంఘం వేసినా, బాబా దాని ముందుకు రాలేదు. 1990ల్లో ఆయన ట్రస్టు ఏడు వందలకు పైగా పల్లెలకు తాగునీటి పైపులు వేయించింది. విభూతి మీద ఎంత వాదన నడిచినా, కొళాయి ముందు బిందె పెట్టినవాళ్లకు ఆ వాదనతో పని పడలేదు.

2003 తర్వాత రాష్ట్ర ప్రభుత్వం కరువు జిల్లాల మీద మేఘమథనం చేయించింది. దీని మూలం 1946లో అమెరికాలో విన్సెంట్ షేఫర్ పొడిమంచుతో, బెర్నార్డ్ వోనెగట్ సిల్వర్ అయొడైడ్‌తో చేసిన ప్రయోగాలు. మబ్బులోని తేమ పేరుకోవడానికి రసాయనపు రేణువులను విమానంతో చల్లడమే ఇందులోని పని. ఇది మాయ కాదు, భౌతికశాస్త్రం. అయితే రేణువులు మబ్బును పుట్టించలేవు. ఆకాశంలో అది ముందే ఉండాలి. కప్పతల్లిని తిప్పేదీ ఎక్కువగా మబ్బు పట్టి కురవని రోజుల్లోనే, వానకు ఎలాగూ దగ్గరపడిన వేళ. ఆ మర్నాడు వాన పడితే పేరు చేటకు వస్తుంది. విమానం ఎగిరాక పడిన వానలో విమానం వాటా ఎంతో తేల్చబోయిన శాస్త్రజ్ఞులకూ ఎదురైన చిక్కు అదే: ఆ రోజు విమానం ఎగరకపోతే ఎంత కురిసేదో కొలిచే గిన్నె ఎవరి దగ్గరా లేదు.