తేరిన నీరు

వరదనాళ్లలో గోదావరి నీటిని బిందెతో ముంచి తెచ్చి, పటికముక్కను అందు నాలుగుసారులు త్రిప్పినచో, కొంతసేపటికి మన్ను అడుగునకు దిగి పైనీరు తేరుట మన యిండ్లలో అందఱు నెఱిగినదే. పటికకు మాఱుగ చిల్లగింజను అరగదీసి కలుపుటయు పాతవాడుక. సంస్కృతమున దీనిని కతకమందురు. కతకఫలము నీటిని తేర్చునేకాని, దాని పేరు పలికినంతమాత్రమున నీరు తేరదని మనుస్మృతి యాఱవ యధ్యాయమున గలదు. పూర్వులకు సర్వమును దెలియునని వాదించువారు తఱచుగ ఈ మాటనే మఱతురు. పూర్వులెఱిగినది పని; దాని కారణమును వెదకుటకు చాలకాలము పట్టెను.

1857లో మైకేల్ ఫారడే లండనునందు బంగారమును కంటికందని రేణువులుగ నీటిలో నిలిపెను. ఆ నీరు కెంపువలె నెఱ్ఱగ నుండెను. కొంచెము ఉప్పు పడగనే నీలముగ మాఱెను. రేణువులు దగ్గఱకు చేరుచున్నవన్నమాట. మఱి అంతవఱకు వానిని విడదీసి యుంచినదేది?

1882లో షుల్జే అను జర్మను పండితుడు లవణములను కొలిచి వేసి చూచెను. ఒక ధనావేశము గల సోడియముకంటె రెండు గల కాల్షియము, దానికంటెను మూడు గల అల్యూమినియము అత్యల్పముగ వేసినను పని నెఱవేరెను. పటికయందున్నది ఈ అల్యూమినియమే. 1900 నాటికి కేంబ్రిడ్జిలో హార్డీ కోడిగ్రుడ్డు తెల్లసొనను కాచి పరీక్షించి, దాని రేణువులు ఆమ్లమున ఋణధ్రువమువైపునకును, క్షారమున ధనధ్రువమువైపునకును నడచుట చూపెను. గుట్టు విద్యుత్తునందే యున్నది.

బురదనీటి మట్టిరేణువులు ఋణావేశము గలవి. ఒకదాని నొకటి త్రోసికొనుచు తేలుచుండును. పటికనుండి వచ్చిన ధనావేశములు చుట్టును మూగి ఆ త్రోపును అణచును. అపుడు రేణువులు అంటుకొని బరువెక్కి దిగును. పటికనుండి పుట్టు జిగురువంటి పదార్థము మిగిలిన మడ్డిని ఈడ్చుకొని పోవును. రోగక్రిములును సామాన్యముగ ఋణావేశము గలవే కనుక చాలవఱకు దానితో దిగును. అన్నియు దిగవు, తేరిన నీటినైనను కాచక త్రాగరాదు.

దీనికి లెక్క కుదిర్చినవారు 1941లో రష్యాయందు దెర్యాగిన్, లాండౌ. 1948లో హాలెండునందు వెర్వే, ఓవర్‌బేక్. నడుమ యుద్ధముండుటచే ఇరువురు జంటలును వేర్వేరుగనే పనిచేసిరి. ఆవేశము రెట్టింపైన వలయు లవణము 64వ వంతునకును, మూడింతలైన 729వ వంతునకును తగ్గునని వారి గణితము. షుల్జే కొలతలకు ఇది చాలవఱకు సరిపోయినది.

ఈ న్యాయము బిందెతో ఆగలేదు. నెత్తురులోని ఎఱ్ఱకణముల పొర రెండణువుల మందము గల కొవ్వుపొర యని 1925లో గోర్టర్, గ్రెండెల్ చెప్పిరి. ఆ పొరపై ఋణావేశము గలదు. ఉప్పునీటివంటి రక్తద్రవమున కోట్లకొలది కణములు ఒరసికొనుచు పరుగిడుచున్నను గడ్డకట్టినట్లు అంటుకొనకుండుటకు ఆ త్రోపుడును ఒక కారణము.