‘డిప్టెరా’ పదచరిత్ర – తెలుగు కీటక నామాలు: ఒక పరిశీలన

మెదక్ జిల్లా ఎల్దుర్తి వంటి వరి పండే ప్రాంతాల్లో ‘దోమ’ అనే మాట రెండు వేర్వేరు ప్రాణులను సూచిస్తుంది. ఇంట్లో అది మనిషిని కుట్టే దోమ. పొలంలో అది వరి మొదళ్లలో చేరి రసం పీల్చి, పైరును సుడులు సుడులుగా ఎండబెట్టే సుడిదోమ. మొదటిదానికి ఉన్నవి రెండు రెక్కలే. రెండవది నాలుగు రెక్కల హెమిప్టెరా క్రమానికి చెంది, నల్లికి దగ్గరి బంధువవుతుంది. పత్తిని ఆశించే తెల్లదోమ, పచ్చదోమలూ అంతే. విచిత్రమేమంటే, వరికి నిజంగా రెండు రెక్కల శత్రువైన కీటకానికి ‘దోమ’ అన్న పేరే లేదు. దాన్ని ఉల్లికోడు అంటారు. దాని పురుగు చేరిన పిలక ఉల్లికాడలా గొట్టమై పోతుంది. పేరు ఆ కాడను చూసి పెట్టినదే గాని ఎగిరే జీవిని చూసి కాదు.

రెక్కలను లెక్కించి పేరు పెట్టే పద్ధతి గ్రీకులది. ‘డి’ అంటే రెండు, ‘ప్టెరాన్’ అంటే రెక్క. క్రీ.పూ. 4వ శతాబ్దిలో అరిస్టాటిల్ ఈ పదాన్ని వాడాడు. రెండు రెక్కల కీటకాలకు ముల్లు ముందువైపు ఉంటుందనీ, వెనుక ముల్లు గలవి నాలుగు రెక్కలవనీ గమనించాడు. 1758లో లిన్నేయస్ ‘సిస్టమా నేచురే’ పదవ కూర్పులో డిప్టెరాను ఒక క్రమంగా నిలిపాడు. ఈ కీటకాల వెనుక రెక్కల జత కుంచించుకుపోయి, ఎగిరేటప్పుడు తూకం నిలిపే చిన్న గుబ్బకాడలుగా మిగిలింది.

తెలుగు నామకరణం తీరు వేరు. ఈగ, జోరీగ డిప్టెరాలే. తేనెటీగ, కందిరీగ, తూనీగలు కావు. వీటికి నాలుగేసి రెక్కలు. తెలుగు ‘ఈగ’ ఎగిరే తీరునూ ఆకారాన్నీ పట్టుకుంది, రెక్కల సంఖ్యను కాదు. డిప్టెరాను ‘ద్విపక్షాలు’ అని తత్సమం చేయవచ్చు గాని, నేటి పాఠకునికి ఆ మాట కీటకాలకన్నా ముందు రాజకీయ చర్చలను స్ఫురింపజేస్తుంది. ‘రెండు రెక్కల కీటకాలు’ అన్నదే నయం.

పేరు తెలియకపోవడం ఎంత పెద్ద విషయమో తెలంగాణలోనే జరిగిన ఒక పరిశోధన చూపుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ పొట్టగోడలో మలేరియా పరాన్నజీవి కణాలను చూశాడు. హుసేన్ ఖాన్ అనే రోగి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున తీసుకొని వాటికి తన రక్తాన్ని ఇచ్చాడు. వైద్యుడైన రాస్‌కు కీటకశాస్త్రం అంతగా తెలియదు. తాను చూసినదాన్ని ‘మచ్చల రెక్కల దోమ’ అని మాత్రమే వర్ణించాడు. రైతు ‘తెల్లదోమ’ అన్నట్లే ఇదీ కంటికి కనబడినదాన్ని బట్టి పెట్టిన పేరు. నిజానికి ఆ ప్రజాతికి మైగెన్ 1818లోనే ‘అనాఫిలిస్’ అని నామకరణం చేశాడు. 1898లో ఇటలీలో గ్రాసీ, మనిషికి మలేరియాను చేర్చేది అనాఫిలిస్ దోమేనని పేరుతో సహా ప్రకటించాడు. ఘనత ఎవరిదన్న వివాదం వారిద్దరి మధ్య ఏళ్ల తరబడి సాగింది. 1902లో నోబెల్ బహుమతి రాస్ ఒక్కడికే దక్కినా ఆ వివాదం ఆగలేదు.